షుచాంగ్‌లో గుండు టీచరు

తిరుపతిలో గుండును ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. బస్టాండులో చూడరు, ఆటోలో చూడరు, బ్యాంకు క్యూలో అసలే చూడరు. ఆఫీసరుగారు గుండుతోనే ఫైళ్ల మీద సంతకాలు పెడతారు. పెళ్లికూతురి పిన్నమ్మ గుండు మీద కొంగు కప్పుకుని గ్రూపు ఫొటోలో ముందు వరసలోనే నిలబడుతుంది. అందులోనూ గంగాధరం ఇంటివాళ్లకు గుండంటే మరీ మామూలు. గాంధీ రోడ్డులో అతనికి చిన్న కొట్టుంది. కొండ దిగి వచ్చిన గుండ్లకు టోపీలు అమ్మడమే అతని వ్యాపారం. ముప్పై ఏళ్లుగా అదే పని కాబట్టి, మనిషి మెట్టెక్కకముందే టోపీ సైజు చెప్పేస్తాడు. మొహం అడిగితే మాత్రం గుర్తుండదు.

ఈ కథలో జరిగిన గొడవంతా ఆ అలవాటు వల్ల వచ్చిందే.

గంగాధరం, రాఘవమ్మల ఒక్కగానొక్క కూతురు నందిని. ఎమ్మే ఇంగ్లీషు, బీఎడ్ చదివి, తిరుపతిలోనే ఒక ప్రైవేటు బడిలో అయిదేళ్లుగా పనిచేస్తోంది. టీచరంటే టీచరే గానీ ఆమె పేరు మీద ఒక్క క్లాసు కూడా లేదు. ఒకావిడకు జ్వరమొస్తే ఆవిడ క్లాసుకు పోవాలి, ఇంకొకాయన పెళ్లికి పోతే ఆయన క్లాసులో కూర్చోవాలి. పిల్లలు ఆమె పేరు నేర్చుకునేలోపు అసలు టీచరు తిరిగి వచ్చేసేది. ఏటా జూన్‌లో టైంటేబులు వేసేముందు నందిని కరస్పాండెంటు గదికి వెళ్లి నిలబడేది. ఏటా ఆయన అదే పాట పాడేవాడు.

"నీ చదువుకు వంక పెట్టేదానికి లేదమ్మా. కానీ నువ్వు నోరు తెరిస్తే చిత్తూరు జిల్లా అంతా వినిపిస్తాది. పిల్లోళ్ల అమ్మానాయనలు మద్రాసు ఇంగ్లీషు అడగతా ఉండారు. నన్నేం చేయమంటావు చెప్పు?"

ఆయన ఇంగ్లీషులో ఏ జిల్లా వినిపిస్తుందో అడిగే ధైర్యం ఆ బడిలో ఎవరికీ లేదు.

అయిదో ఏడు కూడా టైంటేబులులో పేరు కనపడకపోయేసరికి నందినికి కడుపు మండిపోయింది. గేటు బయటికొచ్చి, ఎండలో కొండవైపు తిరిగి నిలబడింది. ఆ ఊళ్లో ఏ వీధి చివర నిలబడినా కొండ కనపడుతుంది కాబట్టి, దేవుడితో తగువు పెట్టుకోవడానికి గుడిదాకా పోనక్కర్లేదు.

"స్వామీ, నాకంటూ ఒక క్లాసు కావాల. యాడైనా సరే. ఇప్పించినావంటే నా జుట్టంతా నీదే," అంది.

యాడైనా సరే అన్న మాటను స్వామి గట్టిగా పట్టుకున్నాడు. పది రోజులు తిరక్కుండా ఫోన్లో ఒక ప్రకటన కనిపించింది. చైనాలో హెనాన్ రాష్ట్రం, షుచాంగ్ అనే ఊరు. అక్కడొక ప్రైవేటు బడిలో ఒకటో తరగతి పిల్లలకు ఏడాదిపాటు ఇంగ్లీషు చెప్పాలి. నందిని దరఖాస్తు పెట్టింది. వీడియోలో ఇంటర్వ్యూ చేసింది ఆ బడి ప్రిన్సిపాలు ల్యూ మేడం. యాభై దాటిన మనిషి, నవ్వితే ఏదో ఖర్చయిపోతుందన్నట్టు కూర్చుంది. ఆమె మాటలను ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది చెన్ అనే కుర్ర టీచరమ్మ. ప్రశ్నలన్నీ అయ్యాక ల్యూ మేడం తెరకు దగ్గరగా వంగి ఏదో అంది.

"మీ జడ ఒకసారి ముందుకు వేసుకోమంటున్నారు," అంది చెన్, కొంచెం ఇబ్బందిపడుతూ.

నందిని నడుం దాటిన జడను ముందుకు వేసుకుంది. ల్యూ మేడం దాన్ని చాలాసేపు చూసి తల ఊపింది. షుచాంగ్ విగ్గుల ఊరని, అక్కడివాళ్లు జుట్టును కంసాలి బంగారాన్ని చూసినట్టు చూస్తారని నందినికి అప్పటికి తెలియదు. తన ఇంగ్లీషు నచ్చిందనుకుని మురిసిపోయింది.

కాగితాలకు ఏడాది పట్టింది. డిగ్రీల మీద ముద్రలు, పోలీసుల ముద్రలు, ఢిల్లీ ముద్రలు. మళ్లీ ఏడు ఆగస్టులో వీసా వచ్చింది. ఆ రోజు సాయంత్రమే ఇంట్లో మొక్కు మాట లేచింది.

"మూడు కత్తెర్లిచ్చి సరిపెట్టుకో పాపా," అంది రాఘవమ్మ. "పెళ్లి కావాల్సిన పిల్లవి. మూడు కత్తెర్లిచ్చినా మొక్కు తీరినట్టే."

"జుట్టంతా అని నోటితో అన్నానమ్మా. మూడు కత్తెర్లని అనలా."

పక్కింటి సిద్ధమ్మ పిలవకుండానే వచ్చి కూర్చుంది. "ఇచ్చేయనీమ్మే రాఘవమ్మా. ఆ దేశంలో ఎవురు సూడొచ్చినారు? తిరిగొచ్చేలోపల భుజాల దాకా పెరగతాది."

గంగాధరం టోపీల కట్ట విప్పుతూ తేల్చేశాడు. "మాటిచ్చినాక తగ్గించుకుంటే అది బేరమవతాది గానీ మొక్కవదు. కొట్లో పొద్దస్తమానం చేసేది చాలదా ఆ బేరం?"

తరువాత నలుగురూ కూర్చుని ఊరగాయ గురించి, స్వెట్టరు గురించి, విమానంలో తలనొప్పి గురించి గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. జడ చూసి తీసుకున్న బడికి గుండుతో పోతే ఏమవుతుందన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. వచ్చుంటే వాళ్లు తిరుపతి వాళ్లెందుకవుతారు?

మర్నాడు తెల్లారుతూనే కొండెక్కారు. కల్యాణకట్టలో నందిని ముందు కూర్చున్న ఆవిడ పేరు తిరుమలమ్మ. జడ విప్పించి, నీళ్లు చల్లి తల తడుపుతూ అడిగింది.

"ఏం మొక్కుమ్మా?"

"ఉద్యోగం అక్కా."

"యాడ?"

"చైనాలో."

కత్తి అందుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "అంత దూరం పోతాదా స్వామి మాట?"

"పోయింది లే అక్కా. నువ్వు కానీ."

బరువుగా ఉన్న జుట్టు ఒళ్లోకి, అక్కడినుంచి కిందికి జారిపోయింది. గాలి తలకు తగిలి నందినికి నవ్వొచ్చింది. ఏడుపు వస్తుందనుకున్న రాఘవమ్మ అది చూసి తనే ఏడ్చేసింది. గంగాధరం గంధం పూసి, సంచిలోంచి టోపీ తీసి కూతురి తల మీద పెట్టాడు. సైజు చూడనక్కర్లేకపోయింది. మూడో రోజు చెన్నైలో విమానమెక్కించి వచ్చారు.

సింగపూరు మీదుగా వెళ్లి దిగేసరికి, నందిని పేరు రాసిన అట్ట పట్టుకుని చెన్ నిలబడి ఉంది. నందిని ఎదురుగా వెళ్లి నిలబడ్డా, ఆ అమ్మాయి ఆమె భుజం మీదుగా వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని చూస్తూనే ఉంది. రెండుసార్లు పేరు చెప్పాక గానీ నమ్మలేదు. కారులో గంటసేపు ఆ టోపీ వైపు చూడకుండా ఉండటానికి పాపం చాలా కష్టపడింది.

ప్రిన్సిపాలు గదిలో ఉక్కగా ఉంది. పెద్దవాళ్ల ముందు టోపీ పెట్టుకుని కూర్చోవడం మర్యాద కాదని నందిని తీసేసింది. టీ గ్లాసు ఎత్తుతున్న ల్యూ మేడం చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తరువాత చైనా భాషలో గబగబా ప్రశ్నలు మొదలయ్యాయి.

"మీకు ఒంట్లో బాగాలేదా అంటున్నారు," అంది చెన్.

"బాగానే ఉంది."

"బౌద్ధ సన్యాసం తీసుకున్నారా అంటున్నారు."

"లేదు."

మూడో ప్రశ్నను చెన్ మార్చి చెప్పలేదు. జైల్లోంచి వచ్చారా అని అడిగిందని నెలల తరువాత తెలిసింది.

నందిని మొక్కు సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పింది. చెబుతుంటే తిరుపతిలో అంత మామూలుగా ఉన్న విషయం ఈ గదిలో ఎంత వింతగా వినిపిస్తోందో ఆమెకే తెలిసొచ్చింది.  ఎంత తెలివితక్కువ పని చేశాను, ఒక్క ముక్క ముందుగా రాసి ఉండకూడదా అనుకుంది. ల్యూ మేడం అంతా విని, కొంచెం మెత్తబడింది.

"నాకు అర్థమైంది. కానీ నాకు అర్థమైతే సరిపోదు," అంది చెన్ నోటి మీదుగా. "ఇంగ్లీషు దేశం మనిషిని తేలేదని తల్లిదండ్రులు ఇప్పటికే గొణుగుతున్నారు. మిమ్మల్ని ఇలా చూస్తే పిల్లల్ని తీసుకుపోతారు. మొదటి నెల పరీక్ష అనుకోండి. నెలాఖరున తల్లిదండ్రుల ముందు పాఠం చెప్పాలి. వాళ్లు ఒప్పుకుంటే ఏడాదంతా ఆ క్లాసు మీదే. ఒప్పుకోకపోతే తిరుగు టికెట్టు నేనే కొనిస్తాను. అప్పటిదాకా విగ్గు పెట్టుకోవాలి."

ఆ ఊళ్లో విగ్గు తెప్పించడానికి పావుగంట చాలు. నల్లగా, నిగనిగలాడుతూ, భుజాల దాకా ఉంది. నందిని దాన్ని చేతిలోకి తీసుకుని, ఇది అసలు జుట్టేనా అని అడిగింది.

"అసలుదే. ఇండియా నుంచి వచ్చిన జుట్టు," అంది చెన్ గర్వంగా. "అన్నింటికన్నా మేలు రకం."

నందినికి నవ్వు ఆగలేదు. కొండ మీద ఇచ్చేసిన జుట్టు పెట్టెల్లో కట్టి ఎక్కడెక్కడికో పోతుందని ఆమెకు తెలుసు. తన కన్నా ముందే ఇక్కడికి చేరి, తన నెత్తికే ఎక్కాలని చూస్తుందని మాత్రం తెలియదు. ల్యూ మేడం, చెన్ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే కళ్లు తుడుచుకుని విగ్గు పెట్టుకుంది. క్లాసు కావాలి. క్లాసు కోసం అవసరమైతే నెత్తిన బుట్ట పెట్టుకోమన్నా పెట్టుకునేదే.

క్లాసులో ఇరవై ఆరుగురు పిల్లలు. హాజరు పుస్తకం మొదటి పేజీలో టీచరు పేరు దగ్గర, రెండు భాషల్లో, నందిని అని రాసి ఉంది. ఆ పేజీని ఆమె ఫొటో తీసి తల్లికి పంపింది. పిల్లలంతా తలా ఒక ఇంగ్లీషు పేరు పెట్టుకున్నారు. ఒకడు టైగర్, ఒకడు కెప్టెన్, ఒకతె మ్యాంగో. ఆ మ్యాంగో జీవితంలో మామిడిపండు రెండుసార్లే తిన్నదట. కిటికీ పక్కన కూర్చునే బక్కపలచని పిల్ల పేరు స్నో.

గుడ్ మార్నింగ్ టీచర్ అని ఇరవై అయిదు గొంతులు ఒక్కసారిగా పైకప్పు ఎగిరేలా అరిచేవి. ఇరవై ఆరోది స్నో. నోరు మెదిపేది కాదు. అరుపు అయ్యాక మిగతావాళ్లూ అంతే. బొమ్మ చూపించి ఇదేమిటంటే అందరూ కలిసి చెప్పేవాళ్లు. ఒక్కరిని లేపి అడిగితే గోడ వైపు చూసేవాళ్లు. వాళ్లు మొద్దులు కారు, బుర్రలు పాదరసం. యాపిల్ బొమ్మ చేతిలో పట్టుకుని ఇదేమిటని అడుగుతోందే, ఈవిడకు తెలియదా ఏం, అన్నట్టు చూసేవాళ్లు.

నందిని మాత్రం హిందీ, తమిళం, కన్నడం ఎక్కడ నేర్చుకుంది? బళ్లో కాదు. తండ్రి కొట్లో, ఎనిమిదేళ్ల వయసులో, స్టూలెక్కి నిలబడి. యాడ నుంచి వచ్చినారు, పిల్లోడికి ఎన్నేళ్లు, రంగు నచ్చిందా అని అడగాలి, వాళ్లు చెప్పింది అర్థం కావాలి. లేకపోతే గిరాకీ పక్క కొట్టుకు పోతుంది. అడగాల్సిన అవసరం ఉంటే నోరు దానంతటదే తిరుగుతుంది. ఈ పిల్లలకు తన దగ్గర్నుంచి అడిగి తెలుసుకోవాల్సింది ఏముంది? రెండు వారాలు ఆలోచించినా దొరకలేదు. నెలాఖరు మాత్రం దగ్గరపడుతోంది.

మూడో వారంలో ఒక రోజు ముక్కు పట్టుకో, చెవి పట్టుకో ఆట ఆడిస్తోంది. పాదాలు పట్టుకో అని తను కూడా వంగింది. విగ్గు జారి, మ్యాంగో కాళ్ల ముందు పడింది.

 క్లాసులో సాయానికి కూర్చునే చెన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నందిని అలాగే వంగి ఉండిపోయింది. అయిపోయింది, ఇక టికెట్టే, అనుకుంది.

"టీచర్!" అని ఒక సన్నటి గొంతు వినిపించింది. ఇంగ్లీషులో. "నీ జుట్టు ఎక్కడ?"

స్నో లేచి నిలబడి ఉంది. కిటికీ పక్క పిల్ల, మూడు వారాలుగా గుడ్ మార్నింగ్ కూడా చెప్పని పిల్ల.

ఆ వెంటనే ఇరవై ఆరు నోళ్లూ చైనా భాషలో తెరుచుకున్నాయి. చెన్ మార్చి చెప్పబోతే నందిని చెయ్యి అడ్డం పెట్టింది. విగ్గు తీసి బల్ల మీద పెట్టి, కుర్చీ మధ్యకు లాక్కుని కూర్చుంది.

"ఇంగ్లీషులో అడిగితేనే చెబుతాను," అంది. "రోజుకు పది ప్రశ్నలు. తలుపు దగ్గరికి వెయ్యి చెన్. ఇది మన క్లాసు రహస్యం. బయట ఎవరికీ చెప్పకూడదు."

ఆరేళ్ల పిల్లలకు రహస్యం కన్నా రుచైనది లేదు. టైగర్ చెన్ చెవిలో ఏదో అడిగి, మాటలు కూడబలుక్కుని వచ్చి, ఎవరు కోశారు అన్నాడు. కెప్టెన్ నొప్పి పుట్టిందా అన్నాడు. మళ్లీ వస్తుందా, చలేస్తుందా, మీ అమ్మ తిట్టిందా. మర్నాటికి ప్రశ్నలు ఇంటి దగ్గరే తయారుచేసుకుని రావడం మొదలుపెట్టారు. ఒక జవాబు వింటే దాంట్లోంచి మూడు ప్రశ్నలు పుట్టేవి. దేవుడికిచ్చాను అంటే, దేవుడు ఎక్కడుంటాడు. కొండ మీద అంటే, ఎన్ని కొండలు. ఏడు అంటే, ఏడు ఎందుకు. ఆ చివరి ప్రశ్నకు నందిని దగ్గర కూడా సరైన జవాబు లేదు, తల్లికి ఫోన్ చేసి కనుక్కుని మర్నాడు చెప్పాల్సి వచ్చింది. తొమ్మిది రోజుల్లో గోడ మీద ఏడు కొండల బొమ్మలు ఇరవై ఆరు రకాలుగా వెలిశాయి. ఒక కొండ మీద పాండా కూడా ఉంది. తలుపు తెరిస్తే విగ్గు, మూస్తే గుండు. ల్యూ మేడం అటుగా వెళ్లినప్పుడల్లా ఇరవై ఆరుగురూ చేతులు కట్టుకుని దేవతల్లా కూర్చునేవాళ్లు.

పరీక్ష పాఠానికి ముందు శనివారం నందిని ఇంటికి వీడియో చేసి, ఆ రోజు విగ్గు తీసేస్తే ఎలా ఉంటుందని అడిగింది. గంగాధరం అప్పుడే కొట్టు తెరుస్తున్నాడు. రాఘవమ్మ టోపీలు వేలాడదీస్తోంది.

"ఆ మేడం మాట ఇనుకో పాపా," అంది రాఘవమ్మ. "ఆ ఒక్క గంట నెత్తిన పెట్టుకుంటే నీ సొమ్మేం పోయింది? ఉద్యోగం పోతే మళ్లా ఆ కరస్పాండెంటు గడపే తొక్కాల."

 "సిగ్గుపడే పని చేసినామా మనం?" అన్నాడు గంగాధరం. "ఇచ్చేసినదాన్ని దాసిపెట్టేదేంది? దొంగసొమ్మా అది?"

"నువ్వు ఊరుకో," అని రాఘవమ్మ ఫోన్ లాక్కుంది. నందిని తల్లి మాటే వింది. ఆ క్లాసు పోగొట్టుకునే ధైర్యం ఆమెకు లేదు.

పాఠం రోజు క్లాసు వెనక నలభై మందికి పైగా కూర్చున్నారు. తల్లులు, తండ్రులు, అవ్వలు, తాతలు. అందరి చేతుల్లో ఫోన్లు. ముందు వరసలో ల్యూ మేడం. నందిని విగ్గు సరిచూసుకుని, పండ్ల బొమ్మలు చూపించడం మొదలుపెట్టింది. పిల్లలు కలిసి అరిచారు. ఒక్క తప్పు లేదు. పెద్దవాళ్లు మర్యాదకు తలలు ఊపారు. ఒకావిడ ఆవులించింది.

పావుగంటకే ఒకాయన లేచాడు. టైగర్ తండ్రి, విగ్గులు ఎగుమతి చేసే వ్యాపారి. దేశదేశాలు తిరిగిన ఇంగ్లీషు.

"ఒక్క మాట టీచర్. ఇంగ్లీషు మీ తల్లిభాషేనా?"

"కాదండీ. మాది తెలుగు."

"మరి మా పిల్లలకు మీరు నేర్పేదేమిటి? బొమ్మ చూసి పండు పేరు చెప్పడం మా ఇంట్లో టాబ్లెట్ కూడా నేర్పుతుంది."

ఆయన తిట్టలేదు, మామూలుగానే అడిగాడు. వెనక నలుగురు తలలు ఊపారు. నందినికి కరస్పాండెంటు గుర్తొచ్చాడు. గాంధీ రోడ్డు దాటి, సముద్రం దాటి, ఇంత దూరం వస్తే ఇక్కడ కూడా అదే మాటా! అయిదేళ్లు ఆ గదిలో తల వంచుకుని విన్నది చాలలేదా? పిల్లల వైపు చూసింది. ఇరవై ఆరు జతల కళ్లు ఆమె మొహం మీద కాదు, విగ్గు మీద ఉన్నాయి. తన రహస్యాన్ని ఆ పిల్లలు తొమ్మిది రోజులు ప్రాణంలా కాపాడారు. తను మాత్రం వాళ్లను చిలకల్ని చేసి వరసలో నిలబెట్టింది. అప్పుడు నిజంగా సిగ్గేసింది. అది గుండుకు వేసిన సిగ్గు కాదు.

రెండు చేతులూ ఎత్తి విగ్గు తీసి బల్ల మీద పెట్టింది.

ఎవరో కెవ్వుమన్నారు. ల్యూ మేడం సగం లేచి నిలబడింది. నందిని ఆమె వైపు చూడలేదు, టైగర్ తండ్రి వైపే చూసింది.

"నేనేం నేర్పానో నన్నడగొద్దు సార్. మీ అబ్బాయిని అడగండి. మీ ఇష్టమొచ్చింది అడగండి. ఇంగ్లీషులోనే."

ఆయన తడబడ్డాడు. కొడుకు వైపు తిరిగి, మీ టీచరు జుట్టు ఏమైంది అన్నాడు ఇంగ్లీషులో.

"దేవుడికిచ్చింది," అన్నాడు టైగర్ ఠకీమని.

"ఎంతకు?"

"ఊరికే! డబ్బులు తీసుకోరు నాన్నా. అది మొక్కు."

"ఎక్కడ?"

"కొండ మీద. ఏడు కొండలు. నడిస్తే మెట్లున్నాయి. చాలా మెట్లు. అక్కడ అబ్బాయిలు ఇస్తారు, అమ్మాయిలు ఇస్తారు, బేబీలు కూడా ఇస్తారు. నువ్వెళ్లావా నాన్నా?"

"లేదు," అన్నాడు ఆయన. "మరి... మీ టీచరు ఏడ్చిందా?"

"నవ్వింది! వాళ్లమ్మ ఏడ్చింది."

ఆయన ఇంకా ఏదో అడగబోయి ఆగిపోయాడు. ఏళ్ల తరబడి టాబ్లెట్‌కు డబ్బు కట్టినా రెండు ముక్కలు పలకని కొడుకుతో తాను ఇంగ్లీషులో కబుర్లాడుతున్నానని అప్పుడు తట్టింది. భార్య వైపు తిరిగాడు. ఆమె ఫోన్ పట్టుకున్న చెయ్యి దించేసి, కొడుకును కొత్తగా చూస్తోంది.

ఇక క్లాసు ఆగలేదు. కెప్టెన్ బెంచీ ఎక్కాడు. మ్యాంగో తల్లిని చెయ్యి పట్టి లాక్కుపోయి గోడ మీద ఏడు కొండలూ ఒక్కొక్కటే పేరు పేరునా చూపించింది. ఇంగ్లీషు రాని అవ్వలకు చెన్ పరుగెత్తి మార్చి చెబుతోంది. తప్పులున్నాయి, తడబాట్లున్నాయి. ఏ పిల్లా గోడ వైపు చూడటం లేదు. నందిని గుండె ఉప్పొంగిపోయింది. ఇదీ నా క్లాసు, ఎవరొచ్చి ఏ వంక పెట్టినా సరే, అనుకుంది.

ఆ గోలలో ఒక ముసలావిడ లేచి ముందుకు వచ్చింది. స్నో అవ్వ. వేళ్లు కాయలు కాసి ఉన్నాయి. నందిని దగ్గరికి వచ్చి, చెయ్యి చాచి, అనుమతి కోసం ఆగింది. నందిని తల వంచింది. నెల రోజుల మొలకల మీద ఆవిడ అరచెయ్యి మెల్లగా తిరిగింది. చైనా భాషలో నెమ్మదిగా ఏదో చెప్పింది. 

"ముప్పై ఒక్క ఏళ్లుగా జుట్టు దువ్వి చిక్కులు తీసే పని చేస్తున్నారట," అంది చెన్.  "ఇండియా నుంచి పెట్టెలొస్తాయట. ఇది ఎవరి తలదో, ఎందుకిచ్చిందో అని దువ్వేటప్పుడల్లా అనుకునేవారట. ఇచ్చిన మనిషిని ఈ రోజే చూస్తున్నానంటున్నారు."

 ముసలావిడ మనవరాలిని దగ్గరికి పిలిచి, చెవిలో ఏదో చెప్పి, ముందుకు తోసింది. స్నో అందరి వైపు ఒకసారి చూసి, గౌను అంచు పిడికిట్లో పట్టుకుని, ఇంగ్లీషులో అడిగింది.

"టీచర్, మా అవ్వ అడుగుతోంది. నువ్వు దేవుణ్ణి ఏం అడిగావు?"

తొమ్మిది రోజుల్లో ఎన్నో ప్రశ్నలు అడిగారు గానీ, ఇదొక్కటే ఎవరికీ తట్టలేదు. నందిని ఆ పిల్ల ఎత్తుకు మోకాళ్ల మీద కూర్చుంది.

"నాకంటూ ఒక క్లాసు కావాలని అడిగాను," అంది.

స్నో తల ఊపి, అవ్వ వైపు తిరిగి, చైనా భాషలో గట్టిగా చెప్పింది. వెనక వరసల దాకా వినిపించింది. ముసలావిడ నవ్వుతూనే, కొంగు లేదు కాబట్టి చేత్తోనే కళ్లు తుడుచుకుంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు తల్లులు తుడుచుకున్నారు. టైగర్ తండ్రి చప్పట్లు మొదలుపెట్టాడు, గదంతా అందుకుంది.

"ఏం చెప్పింది?" అని నందిని చెన్‌ను అడిగింది.

"'మమ్మల్ని ఇమ్మని అడిగిందట అవ్వా' అంది," అని చెప్పింది చెన్. "'మా కోసమే జుట్టంతా ఇచ్చేసిందట.'"

కల్యాణకట్టలో రాని ఏడుపు నందినికి అక్కడొచ్చింది. గుండుతో, మోకాళ్ల మీద, నలభై ఫోన్ల ముందు, చిన్నపిల్లలా ఏడ్చింది. స్నో వచ్చి ఆమె మెడ చుట్టూ చేతులేసింది.

ల్యూ మేడం బల్ల దగ్గరికి వచ్చింది. విగ్గును తీసి, రెండుసార్లు దులిపి, చెన్ చేతికిచ్చి కొట్టుకు తిరిగిచ్చెయ్యమంది. తరువాత తల్లిదండ్రుల వైపు తిరిగి, ఈ ఏడాదంతా ఈ క్లాసు నందిని టీచరుదేనని ప్రకటించింది. చెన్ దాన్ని నందినికి మార్చి చెప్పబోయేలోపే ఇరవై ఆరుగురు పిల్లలూ ఇంగ్లీషులో చెప్పేశారు.